ఆయుధ పూజ నాడు ఆగిన నక్షత్ర యుద్ధం

పదివేల ఏళ్ళుగా సాగుతున్న ఒక నక్షత్ర యుద్ధం, దసరాల్లో ఒక మధ్యాహ్నం, మా వర్క్‌షాపు ఆవరణలో ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆపినవాడు మా కమ్మరి షెడ్డులో సమ్మెట కొట్టే మనిషి. ఆ యుద్ధాన్ని మొదలుపెట్టింది నేను. ఇద్దరి మధ్యా ఇరుక్కున్నది ఒక గది. ముందు ఆ గది సంగతి చెప్పాలి.

మాది రేవుకు దగ్గర్లో, ఓడల పంపులూ, బరువులెత్తే వించీలూ బాగుచేసే ఒక ప్రైవేటు వర్క్‌షాపు. నేను అక్కడ లేత్ మిషను మీద టర్నర్ని. బడి చదువు ఏడో తరగతితో ఆగింది. అసలు చదువంతా వన్ టౌన్‌లో మేముండే సందుకు అవతల ఉన్న శాఖా గ్రంథాలయంలో జరిగింది. గొప్పకు చెప్పడం కాదు గానీ... కాదు, గొప్పకే చెబుతున్నాను. అక్కడి విజ్ఞాన శాస్త్రం బీరువాను పై అర నుంచి కింది అర దాకా, ఎడమ నుంచి కుడికి, ఒక్క పుస్తకం వదలకుండా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే అని లైబ్రేరియన్ గారే అనేవారు. వరసగా చదవడంలో కొన్ని తమాషాలు ఉంటాయి. తేనెటీగల పెంపకం పక్కన ఖగోళ శాస్త్రం ఉండేది. అందువల్ల పాలపుంత అనే మాట వింటే నాకు ఇప్పటికీ కొంచెం తేనెపట్టు గుర్తుకొస్తుంది.

ఇంగ్లీషు కూడా అలాగే పట్టుబడింది. ఓడల మీద వచ్చే నావికులు చదివి పడేసిన పుస్తకాలు వన్ టౌన్ పాత కాగితాల కొట్లలో తూకానికి దొరికేవి. అట్ట మీద రాకెట్టో, ఆకుపచ్చ మొహమో ఉన్నదాన్ని ఏరుకునేవాణ్ణి. పక్కన నిఘంటువు పెట్టుకుని రోజుకు ఒక పేజీ. కొన్నిటికి మొదలుండేది కాదు, కొన్నిటికి చివరుండేది కాదు. లేని భాగాలు నేనే కల్పించుకునేవాణ్ణి. రాయడం అలాగే అలవాటయిందనుకుంటాను.

మా వర్క్‌షాపులో పనివాళ్ళకు ఒక క్లబ్బు ఉండేది. అంటే రెండు గదులు. పెద్ద గదిలో క్యారమ్ బల్లలు. చిన్న గదిలో ఒక పుస్తకాల బీరువా, ఒక బల్ల, రెండు దినపత్రికలు. ఆ బీరువాలో సగం పుస్తకాలు నేను ఆఫీసు చుట్టూ తిరిగి, దణ్ణాలు పెట్టి కొనిపించినవి. మధ్యాహ్నం క్యారియర్ విప్పేది కూడా ఆ గదిలోనే. ఒక చేత్తో ముద్ద, ఒక చేత్తో పేజీ. మా ఇంట్లో నాకంటూ ఒక మూల కూడా లేదు కాబట్టి, ప్రపంచంలో నాకున్న గది అదొక్కటే.

అప్పుడే మా ఊళ్ళోకి టీవీ వచ్చింది. క్లబ్బు సెక్రటరీ గారు ద్వారకా నగర్‌లో ఒక షాపు అద్దాల ముందు గంటసేపు నిలబడి దాన్ని చూసి వచ్చారు. ఆయన మాకు టైమ్ కీపర్ కూడా. ఎవరు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చారో రాసుకోవడమే ఆయన ఉద్యోగం, సరదా కూడా. మర్నాడే నన్ను పిలిచి చెప్పేశారు. చిన్న గదిలో టీవీ పెడతారు. పుస్తకాల బీరువా స్టోర్సులోకి పోతుంది.

"అదేటండీ, సదువుకునే గది కదండీ!"

"సదువుతన్నది ఎవడు సెప్పు? నువ్వొక్కడివే. ఒక మనిసికి ఒక గదేటి? మేనేజరు గారి గదిలో ఇద్దరు గుమాస్తాలు కూకుంటన్నారు."

"నాను సదివిందంతా అందరికీ సెప్తన్నాను కదండీ."

"అదే మరి! నువ్వే సెప్పేత్తంటే ఇంకొకడు సదవడమెందుకు?"

నిజంగానే రోజూ భోజనాల వేళ ఏదో ఒకటి చెప్పకుండా ఉండలేకపోయేవాణ్ణి. నా శ్రోతల్లో ముఖ్యుడు సమ్మెట మనిషి. విజయనగరం అవతల పల్లెలో వ్యవసాయదారుల బిడ్డ. మనిషి తలుపంత ఉంటాడు. నాకు వరసకు ఏమీ కాడు. మా దగ్గర మగవాళ్ళు ఒకరినొకరు బావా అనుకోవడానికి వరస అక్కర్లేదు.

"కాంతి సెకనుకి మూడు లక్షల కిలోమీటర్లు ఎల్తాది బావా," అన్నానొకసారి. "ఒక్క సెకన్లో భూమిని ఏడుసార్లు సుట్టేసి వత్తాది."

అతను చేప ముల్లు జాగ్రత్తగా తీసి పక్కన పెట్టి ఆలోచించాడు. "ఏడుసార్లా! మా మద్దిలపాలెం బస్సు డిపోలోంచి బయటికి రాడానికే అరగంట. మరి ఈ కాంతికి స్టాపులుండవా?"

సెక్రటరీ గారితో వాదించి లాభం లేదని తెలుసు. అందుకని పందెం వేశాను. ఆయుధ పూజ నాడు మా వర్క్‌షాపుకు కుటుంబాలతో సహా అందరూ వస్తారు. పూజా, పులిహోరా అయ్యాక ఏటా ఎవరో ఒకరు పాటలు పాడతారు. ఈసారి నేను నాటకం వేస్తాను. పూర్తిగా పుస్తకాల చదువులోంచి పుట్టిన నాటకం. జనం లేవకుండా కూర్చుంటే గది పుస్తకాలకే వదిలేయాలి.

"ఆఖరు మాట అయ్యేదాకా కూకోవాలి," అన్నారు సెక్రటరీ. "ఒక్కడు లెగిసినా టీవీయే."

"సిన్న గుంటలుంటారండీ, ఒంటేలుకి లెగుత్తారు."

"సరే, గుంటల్ని వదిలేద్దాం. పెద్దోళ్ళు కదలకూడదు. ఆఖరు మాట దాకా. గుర్తెట్టుకో."

నెల రోజుల్లో నాటకం రాశాను. కథ ఇది.

మన సూర్యుడి వెలుగు కూడా ఇంకా చేరనంత దూరంలో ఘోష అనే గ్రహం ఉంది. ఏ జాతీ పుట్టకముందు విశ్వంలో తిరిగినవాళ్ళు ఆ గ్రహం మీద ఒక యంత్రాన్ని వదిలి వెళ్ళిపోయారు. వాళ్ళను అందరూ ముందువాళ్ళు అంటారు. యంత్రాన్ని చక్రం అంటారు. అది ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు. దాని కోసం రెండు జాతులు కొట్టుకుంటున్నాయి. నీలులు సముద్రాల్లో పుట్టినవాళ్ళు. మన బీచిలో అలలు విసిరేసిన జెల్లీ చేపల్లా మెత్తగా, గాజులా, ఎముక లేకుండా ఉంటారు. శిలులకు యారాడ కొండ రాయి లాంటి ఒళ్ళు. ఒక అడుగు వేయడానికి ఒక పూట పడుతుంది, వేశాక మాత్రం వెనక్కి తీయరు. చక్రం ముందువాళ్ళ శరీరమే, దాన్ని ముట్టుకోవడం పాపమని నీలులు అంటారు. ముందువాళ్ళు యంత్రాన్ని వదిలింది నడపమని, నడపకుండా తుప్పు పట్టించడమే పాపమని శిలులు అంటారు. ఇద్దరికీ అది పవిత్రమే. అందుకే రాజీ కుదరదు. చంద్రుళ్ళను ఊడబెరికి ఒకరి మీద ఒకరు విసురుకున్నారు. నక్షత్రాల్ని ఊది ఆర్పుకున్నారు. పదివేల ఏళ్ళు గడిచాయి.

ఆఖరి రంగంలో శిలుల సేనాని చక్రం దాకా వచ్చేస్తాడు. నీలుల ప్రధాన పూజారి అడ్డం పడతాడు. చక్రాన్ని నడపడం ఎలాగో సేనానికీ తెలియదు. విసుగెత్తి సమ్మెటతో ఒక్క దెబ్బ వేస్తాడు. చక్రం పగిలిపోతుంది. లోపల ఏమీ ఉండదు. ఉత్త ఖాళీ. రెండు జాతులూ ఆ ఖాళీలోకి చూస్తూ నిలబడిపోతాయి. అప్పుడు పూజారి, "దీని కోసమా?" అంటాడు. అదే ఆఖరు మాట. తెర.

ఈ ముగింపు రాసినప్పుడు నాకే ఒళ్ళు జలదరించింది. లైబ్రేరియన్ గారికి చదివి వినిపిస్తే కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆయన ప్రతి పావుగంటకూ తుడుచుకుంటారని నాకు తెలుసు, అయినా ఆ రోజు లెక్కలోకి తీసుకున్నాను.

సేనాని వేషానికి సమ్మెట బావ తప్ప ఇంకొకరు పనికిరారు. పూజారి వేషానికి మా వెల్డరన్న. చర్చి కొయిర్‌లో ముందు వరసలో నిలబడే గొంతు ఆయనది. మైకు లేకపోయినా గేటు దాకా వినిపిస్తుంది. మొదట వెనకాడాడు.

"నాను పూజారేటిరా? మా పాస్టరు గారు సూత్తే ఏటనుకుంటారు?"

"వేరే గ్రహం పూజారి అన్నా. అక్కడ మన మతాలేవీ లేవు."

"అయితే అక్కడికింకా సువార్త ఎల్లలేదన్నమాట. పోన్లే, సేత్తాను."

నీలులకు బట్టల నీలిమందు నీళ్ళలో కలిపి ఒంటికి పూత. శిలులకు బూడిద రంగు, తోలు ఏప్రన్లు. చక్రాన్ని మాత్రం నేనే చేశాను. నడుమ ప్లైవుడ్ పెట్టె, దాని ముందు రెండు సైకిల్ రిమ్ములు, చుట్టూ పాలడబ్బా మూతలు, ఆపైన వెండి కాగితం. నిజం యంత్రంలా కనిపించాలని ముందు పలకను నాలుగు బోల్టులతో బిగించాను. పక్క పలకలకు మాత్రం సన్న మేకులు. ఒక్క దెబ్బకు ఊడిపోవాలి కదా. మా పెద్ద మేస్త్రి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. షెడ్డులో మా అందరికీ పని నేర్పినవాడు ఆయనే.

"బాగుంది గానీ, ఆయిలెక్కడ పోత్తారు?"

"ఇది ముందువాళ్ళ మిషను మావా. ఆయిలక్కర్లేదు."

"ఎవుల మిషనైతే ఏటి, తిరిగేది ఏదైనా ఆయిలడుగుతాది."

ఆయన మాట కాదనలేక పైన ఒక ఆయిల్ కప్పు కూడా బిగించాను. పూజకు ముందు రోజు సాయంత్రం చక్రాన్ని తెచ్చి నా లేత్ పక్కన పెట్టి ఇంటికి వెళ్ళిపోయాను.

ఇక్కడ మా ఆయుధ పూజ పద్ధతి చెప్పాలి. ఆ పొద్దున్న యంత్రాలన్నీ కడిగి, పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేస్తారు. సుత్తులు, పానాలు, ఆకురాళ్ళు అన్నీ వరసగా పరుస్తారు. హారతి అయ్యాక మర్నాడు పొద్దున్న మళ్ళీ కర్పూరం వెలిగించేదాకా వాటి మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. "ఇయ్యాల సెలవు మనకి కాదు, ఆటికి," అనేవాడు పెద్ద మేస్త్రి. మా షెడ్డులో హిందువులూ క్రైస్తవులూ అందరూ ఈ నియమం పాటించేవారు. వెల్డరన్న బొట్టు పెట్టడు, కొబ్బరికాయ కొట్టడు. కానీ ఆ రోజు వెల్డింగ్ హోల్డర్ పట్టుకోమంటే పట్టుకోడు. పన్నెండేళ్ళు ఆ షెడ్డులో పనిచేసిన నాకు ఇదంతా అరచేతి గీతలా తెలుసు. తెలిసీ, యంత్రాన్ని పగలగొట్టే నాటకాన్ని సరిగ్గా ఆ రోజుకే పెట్టాను. అంతరిక్షం మీద ధ్యాసలో షెడ్డు మరిచిపోయాను.

ఆ పొద్దున్న నేను బయట ఆవరణలో బల్లలు కలిపి వేదిక కడుతూ ఉండిపోయాను. పదకొండింటికి లోపలికి వెళ్ళేసరికి చక్రానికి నిలువెల్లా పసుపు. రిమ్ముల నడుమ అరచేయంత బొట్టు. మెడలో, అంటే ఆయిల్ కప్పుకు, దండ. ముందర నిమ్మకాయ, పగిలిన కొబ్బరి చిప్పలు. పెద్ద మేస్త్రి భార్య హారతి పళ్ళెంతో నిలబడి ఉంది. మేమంతా ఆవిణ్ణి అత్తా అనేవాళ్ళం.

"కొత్త మిషనా బాబూ? ఓలమ్మ, ఎంత కళగున్నాదో! మిగతా ఆటికి ఒక్కొక్క కాయ, దీనికి రెండు కొట్టినాను."

నేను నిజంగానే సంతోషించాను. పవిత్ర యంత్రం అలంకారం నా చేతి ఖర్చు లేకుండా అయిపోయిందనుకున్నాను.

మొదటి హెచ్చరిక మధ్యాహ్నం వచ్చింది. అంతరిక్ష నౌకల చప్పుడుకు కంప్రెసర్ గాలి వదులుదామని అనుకున్నాం. కంప్రెసర్ మెడలో దండ ఉంది. సరే, తెర వెనక పదిమందిని నిలబెట్టి నోటితో "ష్‌ష్‌" మనిపించాలని నిర్ణయించాను. తర్వాత సమ్మెట. అది కూడా పూజలో వరసగా పడుకుని ఉంది. బావ దాన్ని ముట్టుకోనన్నాడు. పులిహోరకు ఆవపిండి దంచిన రోకలిని అత్త దగ్గర అడిగి తెచ్చి, వెండి కాగితం చుట్టి ఇచ్చాను. రెండు దెబ్బలు తిన్నా నాకు మూడోది తట్టలేదు.

మూడింటికి నాటకం మొదలైంది. మా వాళ్ళ కుటుంబాలన్నీ ఆవరణ నిండా టార్పాలిన్ల మీద కూర్చున్నాయి. సెక్రటరీ గారు పక్కగా కుర్చీ వేసుకున్నారు. వేదిక వైపు కాదు, జనం వైపు. ఎవరు లేస్తారా అని.

ఎవరూ లేవలేదు. నీలులు నీలంగా చేతులాడిస్తూ రాగానే పిల్లలు కెవ్వుమన్నారు, పెద్దలు ఈలలు వేశారు. చంద్రుణ్ణి విసిరే రంగంలో వాడిన సున్నం పూసిన కుండ గురి తప్పి సెక్రటరీ గారి కుర్చీ పక్కన పడింది. అది నాటకంలో భాగమేనని అందరూ అనుకున్నారు. వెల్డరన్న "ముందువాళ్ళ శరీరాన్ని ముట్టుకోకండి!" అని గొంతెత్తితే రోడ్డు మీద ఆటో ఆగింది. నేను తెర వెనక కాగితాలు పట్టుకుని, పెదాలు కదుపుతూ, గది నాదైపోయిందనే అనుకున్నాను.

ఆఖరి రంగం. సేనాని మూడడుగుల్లో వేదిక దాటి చక్రం ముందుకు వచ్చాడు. "పదివేల ఏళ్ళు చూశాం. ఇక చాలు," అన్నాడు చక్కగా. రోకలి ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడిపోయాడు.

"కొట్టు బావా," అన్నాను తెర వెనక నుంచి.

"కొట్టను బావా." గుసగుసగానే అన్నాననుకున్నాడు పాపం. కమ్మరి షెడ్డులో బతికిన మనిషి గుసగుస గేటు దాకా వినిపిస్తుంది.

"ఏటి!"

"బొట్టెట్టున్నాది. ఎదర నిమ్మకాయున్నాది. నాటకం సంగతి నాకేటి తెల్సు, పొద్దున్న అత్త పూజ సేసీనాది. దీని మీద దెబ్బెలాగెయ్యమంటావు?"

"సెక్క పెట్టిరా అది! నానే సేసినాను, పాలడబ్బా మూతల్తోటి!"

"సేసింది నువ్వే, కాదన్నానా? మావూరి అమ్మోర్ని సేసింది కూడా వడ్రంగే. పూజయ్యాక లెక్క ఏరు."

దీనికి జవాబు గ్రంథాలయంలో ఏ అరలోనూ లేదు. ఈలోగా పూజారి రెండు చేతులూ చాచి చక్రానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు. దెబ్బ పడితేనే ఆయన మాట. పడటం లేదు. చేతులు నొప్పెట్టాయి కాబోలు, ముందు గ్రాంథికంగా మొదలుపెట్టాడు. "ఓ సేనానీ, ఏల ఆలస్యం?" తర్వాత మామూలుగానే, "ఒరే, కొట్టరా. నాను అడ్డం పడతాను కదా."

"నువ్వు అడ్డం తప్పుకున్నా కొట్టను."

"పోనీ నన్ను కొట్టు."

"నిన్నైతే కొడతానన్నా, నీకు బొట్టు లేదు."

జనం పగలబడి నవ్వారు. వెల్డరన్నకు రోషం వచ్చింది. "ఇటియ్యి ఆ రోకలి. నానే కొట్టేత్తాను. నాకీ పూజల్తో పన్లేదు," అంటూ లాక్కున్నాడు. అప్పుడు చూడాలి! పదివేల ఏళ్ళుగా చక్రాన్ని కాపాడుతున్న పూజారి దాన్ని పగలగొట్టడానికి రోకలి ఎత్తాడు. పగలగొట్టడానికి వచ్చిన సేనాని చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

"ఓలమ్మో! బాబూ, ముట్టుకున్నావంటే బాగోదు!" అత్త టార్పాలిన్ మీద నుంచే కేకేసింది. కూర్చునే కేకేసింది, అదొక్కటే నా అదృష్టం.

వెల్డరన్న ఆవిడ వైపు చూశాడు. రోకలి నెమ్మదిగా దించాడు. "నాకూ సెయ్యి రావట్లేదురా," అన్నాడు. "పొద్దున్న ఆ కొబ్బరి నానే తిన్నాను."

ఇక లాభం లేదని నేనే వేదిక మీదకు వెళ్ళాను. ఒంటికి రంగు లేదు, చేతిలో కాగితాలు. ముందు వరసలో ఎవరో "మూడో జాతోడు వచ్చినాడు" అన్నారు. కాగితాలు తిరగేశాను. సెక్రటరీ గారు మొట్టమొదటిసారి కుర్చీని వేదిక వైపు తిప్పుకుని, ముసిముసిగా నవ్వుతున్నారు. ఆఖరు మాట రాకుండా జనం లేచారంటే నా గది పోయినట్టే.

అప్పుడు పెద్ద మేస్త్రి గొంతు వినిపించింది.

"అసలు పగలగొట్టడమేటిరా? నాను మీకు నేర్పింది ఇదేనా? మిషన్లో ఏటున్నాదో సూడాలంటే బోల్టులిప్పుతారు. అంత సదివినోడివి, ఆ మాట రాయలేకపోనావా?"

పదివేల ఏళ్ళ యుద్ధంలో నీలులకు గానీ శిలులకు గానీ ఈ ఆలోచన రాలేదు. నాకూ రాలేదు. నాలుగు బోల్టులు స్వయంగా బిగించినవాణ్ణి.

"అయితే ఇప్పుడిప్పమంటావా మావా?"

"ఇయ్యాల పానా ముట్టుకుంతావేటి! రేపు."

అంతే. నేను జనం వైపు తిరిగి, నాటకంలో నేను రాయని వాక్యాలు చెప్పాను. "నీలులకూ శిలులకూ ఇవాళ సెలవు. రేపు పొద్దున్న, సైరన్‌కి ముందు, రెండు జాతుల సమక్షంలో చక్రం బోల్టులు విప్పుతాం. అంతవరకూ యుద్ధం లేదు." చప్పట్లు. రెండు సైన్యాలూ వేదిక దిగి ఒకే గంగాళంలోని పులిహోర విస్తళ్ళలో పెట్టించుకున్నాయి. నీలం చేతులు తగిలి పులిహోర కొంత ఆకుపచ్చగా మారింది.

నేను సెక్రటరీ గారి దగ్గరకు పరిగెత్తాను. "సూసినారా, ఒక్కడు లెగలేదు!"

"లెగిసినారు కదా. అదిగో, అందరూ ఎల్లిపోతన్నారు."

"ఇయ్యాల్టికి అయిపోనాదని లెగిసినారండీ."

"నాటకం అయిపోనాదా?"

"...లేదండీ, రేపు."

"అయితే మధ్యలో లెగిసినట్టే."

టైమ్ కీపర్‌తో పందెం వేస్తే ఇంతే. కాళ్ళావేళ్ళా పడ్డాను. రేపు పొద్దున్న వీళ్ళంతా మళ్ళీ వస్తే నాటకం కొనసాగినట్టే కదా అన్నాను. ఆయన తల పైకెత్తి నవ్వారు. "సెలవు మర్నాడు సైరన్‌కి ముందు వచ్చినోణ్ణి నా సర్వీసులో సూల్లేదు. అందరూ వత్తే అప్పుడు మాటాడు."

మర్నాడు నేను ఆరున్నరకే గేటు దగ్గర ఉన్నాను. సెక్రటరీ గారు నాకంటే ముందే వచ్చి, హాజరు పుస్తకంతో కూర్చున్నారు. మొదట పెద్ద మేస్త్రి, వెనకే అత్త. తర్వాత ఫిట్టర్లు, మోల్డర్లు, కొందరి ఇళ్ళ ఆడవాళ్ళు, ఆఫీసు గుమాస్తాలు. సైరన్‌కు ఇంకా పదిహేను నిమిషాలుండగా షెడ్డు నిండిపోయింది. సెక్రటరీ గారు ఒక్కో పేరూ చూసుకుంటూ, పెన్ను క్యాప్ పెడుతూ తీస్తూ ఉన్నారు.

అత్త కర్పూరం వెలిగించింది. పెద్ద మేస్త్రి పానా తీసి, కళ్ళకద్దుకుని, సమ్మెట బావ చేతికిచ్చాడు. నాలుగు బోల్టులూ ఒక్కొక్కటే వచ్చాయి. ముందు పలకను ఇద్దరు పట్టుకుని దించారు. అందరూ తలలు చాచారు. లోపల ఏమీ లేదు.

వెల్డరన్న చెవుల వెనక నీలిమందు ఇంకా వదల్లేదు. అయినా కొయిర్‌లో నిలబడినట్టు నిటారుగా నిలబడి, షెడ్డు రేకులు మోగేలా, "దీని కోసమా?" అన్నాడు.

నిశ్శబ్దం. నేను నెల రోజులుగా ఎదురుచూసిన నిశ్శబ్దం. మనుషులు ఆలోచిస్తున్నారు. నా పుస్తకాలు, నా రాత్రింబవళ్ళ చదువు, అన్నీ ఆ ఖాళీ పెట్టెలోంచి వాళ్ళ బుర్రల్లోకి పాకుతున్నాయనుకున్నాను.

సమ్మెట బావ పెట్టెలో తల పెట్టి, వేలితో మూలలు తడిమి, బయటికి వచ్చాడు.

"పార్టులెత్తుకుపోనారు," అన్నాడు.

"ఆఁ?" అన్నాను.

"ఎవడో లోపలి సామానంతా ఇప్పుకుపోనాడు బావా. ఇదిగో, బోల్టు కన్నాలు. ఇక్కడ షాఫ్టుండేది."

అవి మేకుల కన్నాలు. చెప్పబోయాను. ఎవరూ వినలేదు. పెద్ద మేస్త్రి కూడా వంగి చూసి తలూపాడు. ఆయిల్ కప్పు ఉందంటే కింద బేరింగు ఉండి తీరాలన్నాడు. నా ముందువాళ్ళ మహా రహస్యం రెండు నిమిషాల్లో దొంగతనం కేసైపోయింది.

"శిలులు కాదు," అన్నాడొక ఫిట్టరు. "ఆళ్ళ సెయ్యి ఈ సందులో పట్టదు."

"నీలులైతే ఎముకల్లేవు. కన్నంలోంచి దూరిపోతారు."

"అంటే ఏటిరా, నాను దొంగనా?" వెల్డరన్న చొక్కా చేతులు మడిచాడు. "పదివేలేళ్ళు కాపలా కాసినాను!"

"కాపలా ఉన్నోడే కదన్నా, టైము దొరికేది."

"మరి మీ సేనాని రోకలట్టుకుని ఎందుకొచ్చినాడో ముందు సెప్పు!" అన్నాడు వెల్డరన్న.

సైరన్ కూసింది. ఒక్కరు కదల్లేదు. లోపల వేగాన్ని అదుపు చేసే గవర్నర్ ఉండేదని కొందరు, పంపు ఉండేదని కొందరు. యుద్ధం మళ్ళీ మొదలైంది. సెక్రటరీ గారు హాజరు పుస్తకం ఊపుతూ, "సైరనయిపోనాది! పనిలోకెల్లండి!" అని అరుస్తున్నారు. అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఆ పార్టులు ఎవుడు తీసినాడో సెప్పకుండా ఒగ్గేత్తావా బాబూ? మిగతాది ఎప్పుడాడతారు?"

నాకు నా ముగింపు పోయినందుకు ఏడుపొస్తోంది. అయినా చేతికందినదాన్ని వదలలేదు.

"రాయాలంటే కూకోడానికి గదుండాలి కదత్తా," అన్నాను, సెక్రటరీ గారికి వినబడేలా.

షెడ్డు మొత్తం ఆయన వైపు తిరిగింది. సమ్మెట బావ చేతిలో ఇంకా పానా ఉంది. సెక్రటరీ గారు పుస్తకం మూశారు. టీవీ పెద్ద గదిలో క్యారమ్ బల్లల పక్కన కూడా పెట్టుకోవచ్చనీ, తనకు మొదటి నుంచీ ఆ అభిప్రాయమేననీ చెప్పారు. జనం పనిలోకి వెళ్ళాక నన్ను పక్కకు పిలిచారు.

"దొంగని ఎవణ్ణైనా పెట్టుకో. టైమ్ కీపర్ని మాత్రం పెట్టకు."

మాట నిలబెట్టుకున్నాను. మూడు వారాలు ఆ చిన్న గదిలో కూర్చుని, దొంగ ముందువాళ్ళ స్టోర్ కీపరేనని తేల్చాను. మా స్టోర్ కీపర్ సంక్రాంతి వెళ్ళేదాకా నా లేత్‌కు ఇనుము చెక్కే టూల్ బిట్లు మొండివే ఇచ్చాడు.